సఫ్రన్‌బోలు నుంచి తెచ్చిన పదిహేడో సిఫారసు

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే తల నెరవాలంటారు. నాకు ముప్ఫై మూడు. అయితే నా ఉద్యోగం నాకంటే ముందే రిటైరైంది కాబట్టి రాసే అర్హత వచ్చేసిందనుకుంటున్నాను. మున్సిపల్ ఆఫీసుల్లో కొత్తగా చేరుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరు లాప్‌టాప్‌లో ఖాళీ టేబుల్ తెరిచి కాలమ్‌లకు పేర్లు పెట్టబోయే ముందు ఇది చదివితే మంచిది. నేను పేర్లు పెట్టిన ఎనిమిది కాలమ్‌ల వల్ల ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్ళు పడుకునే గది కూలిపోబోయింది. కొలత తప్పయి కాదు. కొలత సరిగ్గానే ఉంది. ఇప్పటికీ ఉంది.

మనుషుల పేర్లు రాయను. ఊరి పేరు కూడా రాయను. గుట్ట, గుట్ట మీద పాత ఖిల్లా, ఖిల్లా కింద వాలు మీద ఒకదాని నెత్తిన ఒకటిగా ఇళ్ళు ఉన్న ఊళ్ళు ఉత్తర తెలంగాణలో నాలుగైదు ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి అనుకోండి. నాలుగు ఊళ్ళవాళ్ళు మాది కాదంటారు. ఐదో ఊరివాళ్ళు ఏమీ అనరు.

నేను మంచిర్యాల దగ్గర బొగ్గుగనుల కాలనీలో పెరిగాను. మా బాపు, అంటే నాన్న, గనిలో పంపు ఆపరేటరు. మా కాలనీలో క్వార్టర్లన్నీ ఒకే కొలత. కళ్ళు మూసుకుని ఎవరింట్లోకైనా వెళ్ళి మంచినీళ్ళ బిందె దగ్గరికి నడవగలిగేవాణ్ణి. ఇల్లంటే కొలత అనే నమ్మకం నాకు అక్కడే కుదిరింది. సివిల్‌లో బీటెక్ దాన్ని గట్టిపరిచింది. ఆ తర్వాత ఈ ఊరి మున్సిపల్ ఆఫీసులో కాంట్రాక్టు మీద సాంకేతిక సహాయకుడిగా చేరాను. డ్రోన్ ఎగరేయడం, మ్యాపు గీయడం, టేబుల్ తయారుచేయడం నా పని. మూడోది నాకు ప్రాణం.

ఒకసారి మా ఆఫీసుకు పిలుపు వచ్చింది. టర్కీ దేశంలో సఫ్రన్‌బోలు అనే పాత ఊరు ఉంది, ఉస్మానీ సుల్తానుల కాలం నాటి ఇళ్ళు చెక్కుచెదరకుండా ఉన్నాయి, వాటిని ఎట్లా కాపాడుకున్నారో చూసి వచ్చి మీ ఖిల్లా గుట్టను కూడా అట్లాగే కాపాడుకోండి అని. నలుగురికి అవకాశం. మొదటివాడు మా ఆఫీసు అధిపతి, పెద్దసారు. ఆయన కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి. రెండోవాడు ఖిల్లా గుట్ట వార్డు కౌన్సిలర్. మూడోవాడు ఇంజినీర్ సారు, రిటైర్మెంటుకు రెండేళ్ళు మిగిలాయి, మోకాళ్ళు అంతకుముందే రిటైరయ్యాయి. నాలుగో మనిషి పాస్‌పోర్టు గడువు దాటిందని చివరివారంలో తేలింది. రిపోర్టు రాసేవాడు ఒకడు ఎట్లాగూ కావాలి కాబట్టి నన్ను ఎక్కించారు.

"ఉస్మానియా అంటే మనోళ్ళే గద తమ్మీ," అన్నాడు కౌన్సిలర్ విమానంలో. "మన బిస్కెట్టు పేరే వాళ్ళు పెట్టుకున్నరన్నట్టు."

ఆ ఉస్మాన్ వేరు, ఈ ఉస్మాన్ వేరు, మధ్యలో ఆరు వందల ఏళ్ళున్నాయని చెప్పాను.

"అయితే మనోళ్ళే ముందు," అని ఆయన సీటు వెనక్కి వాల్చాడు.

అంకారా నుంచి బస్సులో మూడు గంటలు. ఊరు ఒక లోయలోకి దిగి, రెండు వైపులా వాలు మీదికి పాకి ఉంది. ఇళ్ళు చాలావరకు మూడంతస్తులు. కింద రాతి గోడ, పైన కర్ర చట్రం, చట్రం మధ్య మట్టి ఇటుక, దాని మీద సున్నం. పై అంతస్తులు వీధిలోకి ముందుకు వచ్చి, కర్ర దన్నుల మీద నిలబడి, కిందికి తొంగిచూస్తున్నట్టు ఉంటాయి. ఎర్ర పెంకులు, వెడల్పు చూరు, నిలువు కిటికీలు వరసగా. వీధిలో పరిచిన రాళ్ళు నడుమకు వాలి ఉంటాయి, వాన నీరు గోడలను తాకకుండా మధ్యలో పోతుంది. వీధి మలుపుల్లో ఇళ్ళ కింది మూలలు చెక్కేసి ఉన్నాయి. బరువు మోసే గాడిదలు తిరగడానికి వీలుగా ఇంటివాళ్ళే తమ గోడ మూల వదులుకున్నారని మా గైడు, ఒక చదువుకున్న అమ్మాయి, ఇంగ్లీషులో చెప్పింది.

"తన గోడ తనే కోసుకున్నడా?" కౌన్సిలర్ ఆ మూలను చేత్తో తడిమాడు. "మన దిక్కు మలుపు కాడ అరుగు రెండు ఫీట్లు బయటికే వస్తది. సారూ, వీళ్ళు ఎలక్షన్లు పెడతరా లేదా?"

ఒక పెద్ద ఇంట్లో మగవాళ్ళ గదికీ ఆడవాళ్ళ గదికీ మధ్య గోడలో తిరిగే అలమార ఉంది. అటువైపు అన్నం పెట్టి తిప్పితే ఇటు వస్తుంది, ఒకరి ముఖం ఒకరికి కనపడదు. కౌన్సిలర్ తన చలవ కళ్ళద్దాలు అందులో పెట్టి తిప్పాడు. అవి అటు వెళ్ళాయి. అటు ఎవరూ లేరు, అలమార అక్కడే బిగుసుకుంది. ఇంజినీర్ సారు మెట్లు దిగి, ముంగిలి చుట్టి, మళ్ళీ మెట్లెక్కి తీసుకొచ్చాడు. పెద్దసారు ఈ లోపల ప్రతి కిటికీ ముందూ నిలబడి ఫోటో దిగాడు. ఫోటోల్లో కిటికీ ఆయన వెనక ఉంటుంది కాబట్టి ఏ కిటికీ ఏదో తర్వాత రిపోర్టు రాసేటప్పుడు నాకు తెలియలేదు.

నన్ను మాత్రం ఒకే విషయం పట్టుకుంది. ఆ వాలు మీద ఏ ఇల్లూ తన వెనక పై ఇంటికి అడ్డం లేదు. ప్రతి కిటికీకీ లోయ కనపడుతుంది. అంత ఇరుకులో, అన్ని ఇళ్ళలో. లేజర్ మీటరు తీసి కొలవడం మొదలుపెట్టాను. ఐదు ఇళ్ళు కొలిచేసరికి సూత్రం దొరికినట్టే అనిపించింది: కింది ఇంటి కప్పు పై ఇంటి కిటికీ అంచును దాటదు.

రూల్ ఎక్కడ రాసి ఉందో కనుక్కుందామని గైడు నన్ను ఒక ముసలి వడ్రంగి దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ పనివాణ్ణి ఉస్తా అంటారు, మనం ఉస్తాద్ అన్నట్టు. ఇంజినీర్ సారు కూడా వచ్చాడు, అక్కడ బెంచీ ఉందని. ముసలాయన కిటికీ తలుపుకు చెక్క బందులు వేస్తున్నాడు. గైడు నడుమ నిలబడి అటూ ఇటూ మాటలు మార్చింది.

ఎంత ఎత్తు వరకు కట్టనిస్తారు, అని అడిగాను.

"అడగాలి," అన్నాడాయన.

"ఎవరిని? మున్సిపాలిటీనా?"

"పై ఇంటివాణ్ణి. కట్టుకునేవాడు ముందు ఆయన ఇంటికి వెళ్తాడు. కిటికీ దగ్గర కూర్చుంటాడు. చాయ్ తాగుతాడు. తన ఇల్లు రాబోయే జాగాను అక్కణ్ణుంచి చూస్తాడు. ఆయన కొంచెం తగ్గించమంటే తగ్గిస్తాడు, ఫరవాలేదంటే కడతాడు."

"కొంచెం అంటే ఎంత?"

ముసలాయన నవ్వి ఏదో అన్నాడు. అది చాయ్‌ని బట్టి ఉంటుందన్నాడని గైడు చెప్పింది.

నా టేబుల్‌లో చాయ్‌కి కాలమ్ లేదు. వాళ్ళు చిన్న గాజు గ్లాసుల్లో పాలు లేని చాయ్ తెచ్చి పెట్టారు. ఎండ పోతోంది, ఇంకా ఆరు ఇళ్ళు కొలవాలని చెప్పి నేను లేచాను. ఇంజినీర్ సారు తన చాయ్ తాగి నాది కూడా తాగాడు.

తిరిగి వచ్చాక రిపోర్టు రాశాను. నలభై ఒక్క సిఫారసులు. వీధి వాలు, మురుగు, చూరు, సున్నం, పెంకు, అన్నీ వరసగా. పదిహేడోది: "వాలు ప్రాంతంలో కింది ఇంటి కప్పు పై ఇంటి కిటికీ అంచు ఎత్తును మించరాదు." ఆ తర్వాత వడ్రంగి చెప్పిన మాట రాద్దామనుకున్నాను. సంఖ్య లేని వాక్యం నలభై ఒక్క సంఖ్యల మధ్య తప్పిపోయి వచ్చినట్టు కనపడింది. తీసేశాను.

పెద్దసారు రిపోర్టు తిరగేసి, "వెంటనే కనపడే పనులు ఏవయ్యా ఇందులో?" అన్నారు. మురుగు కనపడదు. సున్నం మెల్లగా కనపడుతుంది. చివరికి ఆయన రెండు ఎంచుకున్నారు.

మొదటిది కిటికీలు. ఫైబర్‌తో చేసిన ముప్ఫై ఉస్మానీ కిటికీలు తెప్పించి గుట్ట కింద కమ్యూనిటీ హాలు గోడకు బిగించారు. ఆ గోడకు అసలు కిటికీలే లేవు. ఇప్పుడు ముప్ఫై ఉన్నాయి, ఏదీ తెరుచుకోదు. పావురాలకు మాత్రం బాగా నచ్చాయి.

రెండోది నా పదిహేడు. కౌన్సిలర్‌కు ఖిల్లా గుట్ట మీది బండ రాయి దగ్గర వ్యూ పాయింట్ కట్టించాలని ఉంది, కానీ అక్కడి చూపుకు ముందున్న ఇళ్ళు అడ్డం. మన ఊళ్ళన్నింట్లో ఉండే ఆ పెద్ద అక్షరాల ఊరిపేరు, నడుమ ఎర్ర గుండె, అక్కడ నిలబడి ఫోటో. పదిహేడు చూడగానే ఆయనకు దారి దొరికింది.

"ఇగో, టర్కీల అడ్డం ఉన్న ఇల్లే లేదు. మన దగ్గర ఎన్నున్నయో లెక్క తీయి తమ్మీ."

తీశాను. డ్రోన్ రెండు పూటలు ఎగిరింది. వాలు మీద అరవై నాలుగు ఇళ్ళు. ఒక్క ఇంట్లోకీ అడుగుపెట్టకుండా అన్నింటి కప్పు ఎత్తూ కిటికీ ఎత్తూ తేల్చాను, ఆ సంగతి గర్వంగా చెప్పుకున్నాను కూడా. తొమ్మిది ఇళ్ళు ఎర్ర రంగులోకి వచ్చాయి. అన్నింటికంటే ఎక్కువ మించినది మొదటి వరస: మేడ మీది గది, నూట నలభై సెంటీమీటర్లు. తొమ్మిది ఇళ్ళకూ నోటీసులు వెళ్ళాయి. పదిహేను రోజుల్లో అడ్డంగా ఉన్న కట్టడం తొలగించాలి, లేకపోతే ఆఫీసే తొలగిస్తుంది. అడుగున "సాంకేతిక సహాయకుడి సర్వే ప్రకారం" అని ఉంది. ఆ మాట చూసి నేను లోలోపల సంతోషించానని ఒప్పుకుంటున్నాను.

నాలుగో రోజు ఒకావిడ ఆఫీసుకు వచ్చింది. నూలు చీర, చేతిలో గొడుగు, నోటీసు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని. మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన పంతులమ్మ. మొదటి వరస ఇల్లు ఆమెదే. నా టేబుల్ ఎదురుగా కూర్చుంది.

"నువ్వేనా బిడ్డా కొలిచింది?"

"అవునమ్మా."

"నేను కూడ చేసి చూసిన. నూట నలభై. కరెక్టే ఉన్నది. లెక్కకు మార్కులు ఇస్త. మరి ప్రశ్న ఎవరు ఇచ్చిండ్రు?"

నేను ఆ ప్లాస్టిక్ కవరును నా వైపు తిప్పుకుని నోటీసు మళ్ళీ చదివాను.

"నా రూము ఎవరికి అడ్డం?"

"వెనక పై ఇంటికమ్మా."

"పై ఇంటాయన వచ్చి చెప్పిండా?"

"లేదమ్మా. కొలత చెప్పింది."

"కొలతకు కిటికీల కూసునే పని ఉండదు కద," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఆయన్ను అడగబోకు. అడిగితే అడ్డమే అంటడు. ఆయన తానం చేసిన నీళ్ళ పైపు మా రేకుల మీదికి వదులుతడు. దానికి మాట మాట పెరిగి పన్నెండేండ్ల సంది మాకు మాటల్లేవు. జర నువ్వే ఏమన్న చూడు. మా అక్కకు దమ్ము. కింది అర్ర వెనక గోడ గుట్ట రాయే. ముసురు పట్టిందంటే గోడ పొడుగూత నీళ్ళు కారుతయ్. కింద ఆమె ఒక్క వారం బతుకది."

ఆ సాయంత్రం మొదటిసారి ఆ ఇంట్లోకి వెళ్ళాను. కింది గదిలో రాతి గోడను తాకితే ఎండాకాలం చివర్లో కూడా చల్లగా, జిగటగా ఉంది. నేల నుంచి నడుము ఎత్తు దాకా నల్లటి మరక. పై గదికి ఇనుప మెట్లు. మంచం మీద అక్క కూర్చుని ఉంది, పక్కన దమ్ముకు పీల్చే మందు. ఆ గది కప్పు రేకులది, గోడలు పొడిగా ఉన్నాయి, కిటికీలోంచి గాలి వస్తోంది. నూట నలభై సెంటీమీటర్లు తీసేస్తే గది ఉండదు. గది లేకపోతే ఆమెకు వానాకాలం లేదు. ఈ సంగతి డ్రోన్ కెమెరాలో ఎంత వెతికినా దొరకదు.

మర్నాడు పెద్దసారు దగ్గరికి వెళ్ళాను.

"సార్, అక్కడ అది రూల్ కాదు సార్. ఒకరినొకరు అడుగుతారట."

"రిపోర్టులో రూల్ అనే ఉందిగా. నువ్వే కదయ్యా రాసింది?"

"రాశాను సార్. అడగడం సంగతి వదిలేశాను."

"మంచి పని చేశావు. ఇక్కడ అడగడం మొదలుపెడితే ఏ పనీ జరగదు. వెళ్ళు."

ఇంజినీర్ సారు తన గదిలో మోకాలికి మందు రాసుకుంటున్నాడు. చెప్పిందంతా విన్నాడు.

"గా ముసలాయన మాట నేను ఇన్న. నువ్వు మీటరు పట్టుకోని ఉరికినవ్. నీ చాయ్ కూడ నేనే తాగిన."

"మరి రిపోర్టు మీద మీరు సంతకం పెట్టారు కద సార్?"

"నలభై ఒక్క పాయింట్లు సదివే ఓపిక ఎవరికున్నది పిలగా? పెట్టిన." మూత బిగించాడు. "ఇగ ఇను. నీ టేబుల్ల ఒక కాలమ్ తక్కువున్నది. అడ్డం అంటే ఎవరికో ఒకరికి అడ్డం. గా మనిషి మాట ఏడున్నది? రేపు ఎవడన్న కోర్టుకు పోతే జడ్జి మొదలు అడిగేది గా మాటే. కోర్టు అన్నమనుకో, పెద్దసారు ఆగుతడు. గని ఒక్కటి యాదికుంచుకో. కాలమ్ పెట్టినంక గా పై ఇంటాయన అడ్డమే అని రాస్తే, పంతులమ్మ రూము నీ చేతులనే పోతది."

పదిహేనో రోజు పొద్దున మబ్బు పట్టి ఉంది. జేసీబీ గుట్ట దారిలో రెండో మలుపు దగ్గర ఒక అరుగుకు తట్టుకుని ఆగిపోయింది. అది ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. గడ్డపారలు తీసుకుని ఆరుగురు కూలీలను నడిపించి తెచ్చారు. పెద్దసారు కింద జీపులో ఉన్నారు, పక్కన ఇంజినీర్ సారు. నేను అన్న కోర్టు మాట పని చేసింది, కానీ సగమే.

"గంట టైమిస్తున్నా. మొదటి ఇంటితో మొదలుపెట్టు. పై ఇంటాయన అడ్డం అని టిక్ పెట్టగానే పని మొదలవ్వాలి. తక్కినవాళ్ళ సంతకాలు తర్వాత చూద్దాం," అన్నారు.

కొత్త కాగితం తీసుకుని మెట్లెక్కాను. తొమ్మిదో కాలమ్: బాధితుడి అభిప్రాయం. దాంట్లో రెండు గళ్ళు, అడ్డం ఉంది, అడ్డం లేదు. పంతులమ్మ ఇంటి ముందు కూలీలు నిలబడ్డారు. ఆమె గడపలో నిలబడింది. నేను ఎటు పోతున్నానో చూసి ముఖం తిప్పుకుంది.

పై ఇంటాయన గనిలో ముప్ఫై ఏళ్ళు చేసి వచ్చిన మనిషి. మాట పెద్దది. అట్లాంటి లౌడ్‌స్పీకర్ గొంతు మా కాలనీలో ప్రతి ఇంట్లో ఉండేది కాబట్టి నాకు కొత్తగా లేదు.

"రా. కిటికీ కాడ కూసో. చాయ్ తాగు."

"టైం లేదు కాకా. సంతకం..."

"టైం లేకపోతే సంతకం కూడ లేదు."

కూర్చున్నాను. ఆయన భార్య చాయ్ తెచ్చింది. తాగాను. ఆ కిటికీ ఎత్తు నాకు సెంటీమీటర్లతో సహా తెలుసు, కానీ దాని ముందు కూర్చోవడం అదే మొదటిసారి. ఎదురుగా పంతులమ్మ పై గది రేకులు. వాటి పక్కనుంచి, కింద చౌరస్తాలో, కౌన్సిలర్ పుట్టినరోజు ఫ్లెక్సీ. రెండంతస్తుల ఎత్తు. రెండు చేతులు జోడించిన పెద్ద ముఖం, చుట్టూ చిన్న ముఖాలు.

"ఏం కనపడుతది?" అన్నాడు కాకా.

"కౌన్సిలర్ సారు ఫ్లెక్సీ కాకా."

"ఎంత కనపడుతది?"

అలవాటు చొప్పున లెక్క కట్టాను. "ముక్కు దాకా. నలభై శాతం."

"గా రూము తీస్తే?"

"మొత్తం కాకా. నూరు శాతం."

"మల్ల?"

ఆయన చాయ్ ముగించి గ్లాసు కిటికీ అంచున పెట్టాడు. నా ప్రాణం లేచొచ్చింది. కాగితం ముందుకు జరిపి, అడ్డం లేదు అనే గడి మీద వేలు పెట్టాను.

"లేదని ఎట్ల పెడత?" అన్నాడాయన. "కండ్ల ముందట ఉన్నది కద. నేను ఇల్లు కట్టుకున్నప్పుడు నాకు చెరువు కనపడేది. పంతులమ్మ రూము లేపింది, చెరువు పోయింది. జర అడుగుదామని రాలే, ఒక్క మాట అనలే. గామెకు నేను తానం నీళ్ళు వదిలింది కనపడ్డది, నా చెరువు కనపడలే. అడ్డమే."

కింద ఎవరో గడ్డపార రాతి మీద ఆనించిన చప్పుడైంది.

"మరి తీసేయమంటారా కాకా?"

"గా మాట నువ్వు అడగలే. నీ కాయితంల లేదు."

నిజమే. లేదు. పెన్ను తీసి, రెండు గళ్ళ పక్కన చేత్తో మూడో గడి గీశాను. గీత వంకర పోయింది. నా జీవితంలో నేను వంకరగా గీసిన గడి అదొక్కటే. దాని మీద "ఏం చేయాలి?" అని రాసి ఆయన ముందు పెట్టాను.

ఆయన కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"నేను భూమి కింద చేసిన మనిషిని. తడి గోడ పక్కన పొద్దంత ఉంటే రొమ్ముల ఏమైతదో నాకు ఎరుక. నాతోటి దిగినోళ్ళు ఇద్దరు గట్లనే పోయిండ్రు. గామె అక్క దగ్గు నాకు ఇక్కడికి ఇనపడుతది. పైన ఉంటే గింత తక్కువ, కిందికి దిగిన దినం ఎక్కువ. పంచాయితి పంతులమ్మతోటి, దగ్గుతోటి కాదు." పెన్ను అందుకున్నాడు. పెద్ద పెద్ద అక్షరాలతో, ఒక్కొక్కటే రాశాడు. "అడ్డమే. ఉండనియ్యుండ్రి." కింద సంతకం.

అక్కణ్ణుంచే పెద్దసారుకు ఫోన్ చేసి చదివి వినిపించాను.

"అడ్డం అన్నాడు కదా?"

"అన్నారు సార్. ఉండనివ్వమన్నారు."

"అంటే ఉందా, లేదా?"

"రెండూ సార్."

"రెండూ అంటే ఏ కాలమ్‌లో వేస్తావయ్యా?"

ఫోన్‌లో వెనక నుంచి ఇంజినీర్ సారు గొంతు వినిపించింది, చాలా వినయంగా. "అదే సార్ పరేషాన్. మనం తేల్చేది కాదిది. స్పష్టత కోసం పైకి రాద్దాం."

పెద్దసారు సరేనన్నారు, పైకి రాశారు. పై నుంచి ఇంతవరకు స్పష్టత రాలేదు. తొమ్మిది ఇళ్ళూ ఉన్నాయి. కౌన్సిలర్ వ్యూ పాయింట్ బస్టాండు దగ్గరికి మారింది, అక్కడ చూడటానికి బస్సులున్నాయి. మిగతా ఎనిమిది పై ఇళ్ళవాళ్ళ అభిప్రాయాలు కూడా నేను తరువాత సేకరించాను. ఒకాయన ముందింటి వల్ల అడ్డం లేదు, ముందింటి మేకల వల్ల ఉంది అన్నాడు. ఒకావిడ కింది ఇల్లు తన తమ్ముడిదని, అడ్డం ఉందో లేదో పండగకు వచ్చినప్పుడు వాడితోనే మాట్లాడుకుంటానని అంది. ఒక్కరి జవాబూ రెండు గళ్ళలో పట్టలేదు.

మార్చిలో నా కాంట్రాక్టు పొడిగించలేదు. ఎందుకని అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేదు, బహుశా అది కూడా పైకి రాసి ఉంటారు. ఇప్పుడు మంచిర్యాలలో ఇళ్ళ ప్లాన్లు గీస్తున్నాను. పై అంతస్తు కావాలని వచ్చినవాళ్ళను, వెనకింటివాళ్ళ కిటికీలో కూర్చుని చూసి వచ్చారా అని అడుగుతాను. సగం మంది పక్క వీధిలో ఇంకో ప్లాన్లాయన దగ్గరికి పోతారు. మీరు కూడా అడగండి, మీ జీతానికి భరోసా నేను ఇవ్వలేను. కొలవడం మానమని మాత్రం చెప్పను. కొలవకపోతే నూట నలభై అని పంతులమ్మ కూడా ఒప్పుకునేది కాదు.

ఆ రోజు సంగతి ఇంకొంత మిగిలింది. కాగితం పట్టుకుని మెట్లు దిగి వచ్చాను. చినుకులు మొదలయ్యాయి. పంతులమ్మ గొడుగు వేసుకోకుండా, గడపలో అట్లాగే నిలబడి ఉంది. కూలీలు నా ముఖం చూస్తున్నారు.

"ఏమన్నడు?"

"ఉండనివ్వమన్నారమ్మా. పని ఆగిపోయింది. పెద్దసారు కూడా సరేనన్నారు."

ఆమె గోడకు చేయి ఆనించింది. కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది, ప్రార్థన అనుకుంటా. తర్వాత చేయి చాపింది. "ఏది, రాసింది చూపెట్టు."

ఇచ్చాను. చదివింది. బడిలో పరీక్ష పేపరు దిద్దినట్టు మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"ముందుగాల ఏందిది? అడ్డమే అని రాసిండా?"

"అమ్మా, తర్వాతి మాట..."

"తర్వాతిది సదివిన బిడ్డా. ముందు మాట సంగతి అడుగుతున్న." కాగితం నా చేతిలో పెట్టింది. గొడుగు గోడకు పెట్టింది. నాలుగు మెట్లెక్కి, తల పైకెత్తి, పన్నెండేళ్ళ తర్వాత ఆ కిటికీ వైపు నోరు తెరిచింది. "ఏమయ్యో! నా నెత్తి మీద నీ తానం నీళ్ళు వోసుకుంట, నా రూము నీకు అడ్డమా?"

కిటికీ తలుపు ధన్‌మని తెరుచుకుంది.

"కాదా మరి? నా చెరువు ఏడ పోయింది? మొత్తం సదువుకో, పంతులమ్మవు గద!"

"చెరువు నీ అయ్య తవ్విచ్చిండా?"

"నీ గుట్ట నీ అయ్య లేపిండా?"

పై గదిలోంచి అక్క గొంతు సన్నగా వచ్చింది. "ఎవరితోటి మాట్లాడుతున్నవే?"

చినుకులు గట్టిపడ్డాయి. ఇద్దరూ తగ్గలేదు. కూలీలు గడ్డపారలు గోడకు ఆనించి, చూరు కింద మెట్ల మీద సర్దుకుని కూర్చుని, వినడం మొదలుపెట్టారు.